నువ్వు అమ్మని తుపాకీ

హెమ్లాక్ రన్, పెన్సిల్వేనియా
నవంబర్ 20, బుధవారం

చిరకాల మిత్రుడు, తుపాకుల వ్యాపారి, వయసులో నాకంటే రెండు నెలలు పెద్దవాడు అయిన ఓరిన్ డెట్‌వైలర్ గారి సముఖమునకు, కోత మిల్లులో రంపాలకు పదును పెట్టుకుని బతికే మెర్ల్ కెష్నర్ వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ డార్లా చల్లగా ఉన్నారనీ, నీ మోకాలు ఈ చలికి మరీ మొరాయించడం లేదనీ తలుస్తాను.

నవ్వావు కదూ. నవ్వుకో. నలభై ఏళ్ళ స్నేహంలో నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎలా మొదలెట్టాలో తెలియక మా నాయనమ్మ రాసే పద్ధతిలో మొదలెట్టాను. అయినా ఈ కష్టం తెచ్చిపెట్టింది నువ్వే. నిన్న డార్లా వేడి వేడి యాపిల్ పై పళ్ళెం పట్టుకొచ్చి మా వంటింట్లో కూర్చుని నీ మాట చెప్పింది. మెర్ల్ రైఫిల్ తుడిచి నూనె రాసి పెట్టాను, పై శనివారం దుప్పుల సీజన్ మొదలవుతోంది, వాడు బాగున్నాడంటే శుక్రవారం వేట గుడిసెకు నేనే తీసుకొస్తా, బాగాలేడంటే తేను, ఏ సంగతీ వాడే చెప్పాలి, వాడేం చెబితే అదే నమ్ముతా అన్నావట. కానీ నోటితో చెప్పొద్దు, కాగితం మీద రాసి పంపమను, నోటితో అయితే వాడు దుప్పి కొమ్ముల లెక్క చెప్పినట్టే చెబుతాడు అన్నావట. ఆరు కొమ్ముల దుప్పిని పది కొమ్ములదని నేను చెప్పి పద్నాలుగేళ్ళయిందిరా. ఇంకా మర్చిపోలేదు నువ్వు.

సరే, రాస్తున్నాను. అయితే నువ్వడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు రాసి పారేస్తే, ఏడు నెలలుగా నీ ముఖం చూడకుండా తిరిగిన పాపం తీరదు. అందుకని కాస్త ఓపిక పట్టు. కళ్ళజోడు పెట్టుకో.

పోయినేడు లెంపల భోజనం గుర్తుందా నీకు? నాకు ఈమధ్య రోజూ గుర్తొస్తోంది. మనం నలుగురం, సీజన్‌కి ముందు శుక్రవారం, గుడిసెలో ఆ పొడుగు బల్ల మీద ఎవడికి వాడు కొని ఏడ్చిన తుపాకీని పెట్టి దాని కథ చెప్పడం, అందరికంటే ఎక్కువ ఏడ్చినవాడు వారమంతా గిన్నెలు కడగడం. ఇరవై రెండేళ్ళయింది మొదలెట్టి. లెంపల భోజనం అని పేరు పెట్టింది మా ఆవిడ వెల్డాయే. ఏడాదికో పనికిమాలిన తుపాకీ కొనుక్కురావడం, అడవిలో కూర్చుని లెంపలేసుకోవడం, ఆ వేసుకునేదేదో కొనకముందే వేసుకుంటే ఇంట్లో ఒక కొత్త పొయ్యి ఉండేదిగా అనేది.

మంగలి స్టాన్ చొక్కా జేబులో పట్టే పిస్తోలు తెచ్చాడు చూడు. జేబులో పెట్టుకున్న సంగతే మర్చిపోయేంత తేలికని కొట్టువాడు చెబితే కొన్నాడు. నిజంగానే మర్చిపోయాడు. వాళ్ళావిడ చొక్కాతో పాటు బట్టల మిషన్లో వేసి రెండు విడతలు తిప్పింది. తళతళ మెరుస్తూ బయటికొచ్చింది గానీ, ఉతక్కముందు ఎలా పేలేది కాదో ఉతికాక కూడా అలాగే పేలలేదు. పాలబండి బడ్ ఏమో, పడమటి కొండల్లో పెద్ద దుప్పుల వేటకు పోతానని ఈక లాంటి రైఫిల్ కొన్నాడు. పడమటికి ఇంతవరకూ పోలేదు. తూటా మాత్రం ఏనుగుని పడగొట్టేది, తుపాకీకి బరువే లేదు, ఆ దెబ్బంతా భుజానికే. మూడుసార్లు కాల్చేసరికి భుజం బీట్‌రూట్ రంగుకొచ్చింది. నాలుగోసారి మీలో ఎవడైనా కాలిస్తే ఉప్పు వేసి ఆరబెట్టిన పంది తొడ ఇస్తా అన్నాడు. పంది తొడంటే ప్రాణమిచ్చే నువ్వు కూడా పైకప్పు వైపు చూశావు.

నువ్వు తెచ్చిన దానికి ఇంకా నవ్వొస్తుంది నాకు. బంగారు పూతతో దుప్పి బొమ్మ చెక్కించిన ఆ రైఫిలు. ఏదో వార్షికోత్సవానికి వందే చేశారంటే ఎగబడి తెప్పించుకున్నావు. తీరా చూస్తే అది దుప్పి కాదు, గడ్డం ఉన్న మేకపోతు. పదకొండేళ్ళుగా కొట్లో గోడకు వేలాడుతోంది. మేకల వేటకు పోయేవాడెవడైనా వస్తే నీ అదృష్టం పండుతుందన్నాడు స్టాన్.

గెలిచింది మాత్రం నేనే. ఆ పాత సైన్యం తుపాకీ, గ్రీజులో ముంచి పెట్టెల్లో దాచినది, చవగ్గా వస్తోందని కొన్నాను. నువ్వు వద్దన్నావు. వెయ్యిసార్లు వద్దన్నావు. ఆ గ్రీజు ఎంత తుడిచినా పోకపోతే, వెల్డా చర్చికెళ్ళిన సమయం చూసి, ఆవిడ సీసా పచ్చళ్ళు కాచే పెద్ద కాగులో గొట్టాన్ని వేసి ఉడకబెట్టాను. కాగు తోమి పెట్టాననే అనుకున్నాను. ఆ ఏడాది దోసకాయ పచ్చడి సీసాలు నలభై రెండు, తెరిచిన ప్రతి సీసా ట్రాక్టర్ వాసన. వెల్డా నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు మాట్లాడింది, అదే ఎక్కువ బాధ. ఈ కథ విని బడ్ లేచి నిలబడి, తుపాకీ కొని డబ్బు పోగొట్టుకున్నవాడు వేరు, భుజం పోగొట్టుకున్నవాడు వేరు, ఇంట్లో పచ్చడి పోగొట్టుకున్నవాడికి గిన్నెల తొట్టి అప్పగించాల్సిందే అన్నాడు. వారం రోజులు కడిగాను. ఇంటికొచ్చి చెబితే వెల్డా పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ళకి నా తరఫున థాంక్స్ చెప్పు అంది.

అది నవంబర్. ఫిబ్రవరిలో పోయింది. ఆ సంగతి నీకు రాయక్కర్లేదు, శవపెట్టె ఎడమ కొస నువ్వే మోశావు.

ఇక ఏప్రిల్ సంగతి. ఇది రాయడానికి రెండుసార్లు లేచి కాఫీ కలుపుకున్నాను. రెండో కప్పు చల్లారిపోయింది కూడా.

ఆ మంగళవారం మధ్యాహ్నం నీ కొట్టుకి వచ్చాను. నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని ఎవరిదో తుపాకీకి స్ప్రింగు మారుస్తున్నావు. రారా కూర్చో అన్నావు. నేను కూర్చోలేదు. అద్దాల బీరువాలో పొట్టి గొట్టం రివాల్వర్ వైపు వేలు చూపించి, అది కావాలి అన్నాను. దేనికి అన్నావు. చిక్కుడు మడి దగ్గర పాములు తిరుగుతున్నాయి అన్నాను. ఏప్రిల్ నెలలో, ఇంకా గట్ల మీద మంచు కరగని ఊళ్ళో, పాములు. అబద్ధమాడటం కూడా చేతకాలేదు నాకు.

నువ్వు ఆ స్ప్రింగు కింద పెట్టలేదు. మామూలుగానే మాట్లాడావు. అది చెత్త తుపాకీరా, కొన్నవాడల్లా నెల తిరక్కుండా నా నెత్తిన తెచ్చి కొట్టాడు, అరచెయ్యి పగిలిపోతుంది, గొడ్లపాక లోపల నిలబడి కాల్చినా గోడకు తగలదు, ట్రిగ్గర్ నొక్కాలంటే ఇద్దరు మనుషులు కావాలి, నేనైతే జన్మలో కొనను, నా శత్రువుకి కూడా అమ్మను అన్నావు. మరి కొట్లో ఎందుకు పెట్టావురా అన్నాను. జనం చూసి బుద్ధి తెచ్చుకుంటారని పెట్టా అన్నావు. నువ్వు తెచ్చిన సరుకుని నువ్వే అంత తిట్టడం నేనెప్పుడూ వినలేదు. మేకపోతు రైఫిల్ని కూడా పల్లెత్తు మాట అననిచ్చేవాడివి కాదు.

నాకు తిక్క రేగింది. నీతి కబుర్లొద్దు, బయటికి తియ్యి అన్నాను. అప్పుడు లేచావు. తలుపు దగ్గరికెళ్ళి మూసి ఉందన్న బోర్డు తిప్పావు. రెండు కప్పుల్లో కాఫీ పోశావు. నా ఎదురుగా నిలబడి, మెర్ల్, చచ్చిపోదామనుకుంటున్నావా అని అడిగావు. రేపు వాన పడుతుందా అన్నట్టు అడిగావు.

అలా నన్ను ఎవరూ అడగలేదు ఓరిన్. చర్చిలో పాస్టరు గారు, మిల్లులో వాళ్ళు, మా చెల్లెలు, అందరూ ఎలా ఉన్నావు, తింటున్నావా, నిద్ర పడుతోందా అనేవాళ్ళు. నేను బాగానే ఉన్నా అనేవాణ్ణి. వాళ్ళూ హమ్మయ్య అనుకుని వెళ్ళేవాళ్ళు. నువ్వొక్కడివే అడగాల్సింది అడిగావు. నేనేం చేశాను? కప్పు బల్ల మీద కొట్టి, నీ నోటికి అడ్డూ ఆపూ లేదా అని అరిచి వచ్చేశాను.

అవును. చచ్చిపోదామనే వచ్చాను. ఇదిగో, నువ్వడిగినట్టు కాగితం మీద పెట్టాను. ఇంట్లో అన్ని తుపాకులుండగా నీ దగ్గరికెందుకు వచ్చానో తెలుసా? అవి మా నాన్నవి, తాతవి. వాటితో నాకు వేట నేర్పారు. మొదటి దుప్పికి గురి తప్పితే ఆనవాయితీ ప్రకారం నా చొక్కా అంచు కత్తిరించి గుడిసె గోడకు మేకు కొట్టిన రోజు నా చేతిలో ఉన్నది తాత రైఫిలు. వాటికి ఆ మచ్చ అంటించడం ఇష్టం లేకపోయింది. ఏ జ్ఞాపకమూ లేని తుపాకీ ఒకటి కావాలనుకున్నాను. పిచ్చివాడి లెక్కలు ఇలాగే ఉంటాయి కాబోలు, వాడికి మాత్రం అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

మర్నాడు పొద్దున్నే నీ ట్రక్కు మా ఇంటి ముందు ఆగింది. నీ తుపాకులు తుప్పు పట్టాయి, శుభ్రం చేసిస్తా, అన్నీ పట్టుకుపోతా అన్నావు. తుప్పు. నా తుపాకులకి. ఈ కౌంటీలో ఎవడినడిగినా నవ్వుతాడు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. నువ్వు తొయ్యలేదు, అరవలేదు. మెట్ల మీద కూలబడ్డావు. ఇస్తే పట్టుకుపోతా, ఇవ్వకపోతే ఇక్కడే ఉంటా, కొట్టు డార్లా చూసుకుంటుంది, నాకేం తొందర లేదు అన్నావు. కాసేపటికి వాన మొదలైంది. టోపీ సర్దుకున్నావు గానీ లేవలేదు. నేను లోపల కిటికీ దగ్గర నిలబడి నీ వీపు చూస్తున్నాను. ఆ మోకాలితో ఆ చల్లటి మెట్ల మీద నాలుగు గంటలు కూర్చున్నావు.

చివరికి విసుగెత్తి తెచ్చి ఒక్కొక్కటీ నీ ఒళ్ళో పడేశాను. తొమ్మిది. పోరా, పట్టుకుపో, మళ్ళీ నా గుమ్మం తొక్కకు అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. తుపాకులు అమ్ముకుని పొట్ట పోసుకునేవాడివి, ఎవడు ఎవడిని కాలుస్తాడో నీకెందుకురా, నీ గల్లాపెట్టె నిండితే చాలుగా అన్నాను. నువ్వు తుపాకులు దుప్పట్లో చుట్టుకుని వెళ్ళిపోయావు. వెళ్ళేటప్పుడు నీ ముఖం ఎందుకలా అయిపోయిందో నిన్నటిదాకా నాకు తెలీదు.

ఆ తర్వాత వేసవంతా నీ మీద మంటతోనే గడిపాను. నీకు తెలుసుగా, మా ముందు గదిలో తుపాకుల బీరువాకి అద్దాల తలుపులు. వచ్చినవాడల్లా చూస్తాడు. ఖాళీ బీరువా. ఈ ఊళ్ళో మగాడి బీరువా ఖాళీగా ఉందంటే వాడు దివాలా తీశాడో, జైలుకెళ్ళొచ్చాడో అనుకుంటారు. హోటల్లో బడ్ అడిగేశాడు, ఏంట్రా మెర్ల్, ఎలుకలు తినేశాయా అని. చుట్టూ నలుగురు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి నేలమాళిగలో ఉన్న వెల్డా సీసాలు, పీచ్ పళ్ళు, బీట్‌రూట్లు, ఆవిడ ఆఖరి ఏడాది పెట్టినవి, అన్నీ మోసుకొచ్చి ఆ బీరువాలో వరసగా సర్దాను. ఎవడైనా అడిగితే కొత్త రకం తూటాలు అని చెప్పేవాణ్ణి. నీ మీద కోపంతో చేసిన పనే గానీ, పొద్దున్నే ఆ గదిలో ఎండ పడ్డప్పుడు ఆ సీసాలు చూడ్డానికి బాగుండేవి. ఇప్పటికీ అలాగే ఉంచాను.

స్టాన్ ప్రతి మంగళవారం కత్తెర పట్టుకుని వచ్చేవాడు. జుట్టు కత్తిరిస్తాను రా అని. వారానికోసారి కత్తిరించడానికి నా తల మీద ఏముందిరా, నాలుగు వెంట్రుకలు. చెవుల దగ్గర కత్తెర ఊరికే టకటకలాడించి, కాఫీ తాగి, రెండు గంటలు బేస్‌బాల్ గురించి తిట్టి వెళ్ళేవాడు. బడ్ శనివారాలు పాలబండిలో ఎక్కించుకుని డెయిరీలన్నీ తిప్పేవాడు. ఒక్కణ్ణీ వెళ్తుంటే నిద్రొస్తోంది, పక్కన ఏదో ఒకటి వాగుతూ ఉండు అనేవాడు. ముప్ఫై ఏళ్ళుగా ఒక్కడే నడిపే మనిషికి ఈ ఏడే నిద్రొచ్చిందట. ఇదంతా నీ పనేనని నాకు తట్టనే లేదు. నేను నీ ముఖం చూడనంటే నువ్వు వాళ్ళ ముఖాలు పంపించావు.

జూలైలో స్టానే కౌంటీ ఆసుపత్రిలో మనసు బాగోలేనివాళ్ళని చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. చిన్న పిల్ల, పట్నం నుంచి వచ్చింది, జన్మలో తుపాకీ ముట్టలేదట. మొదటి రోజు ఏం మాట్లాడాలో తెలీక ఇద్దరం గోడ గడియారం చూశాం. తర్వాత ఏదో మాటల్లో కాగులో తుపాకీ ఉడకబెట్టిన సంగతి చెప్పాను. ఆ పిల్లకి నవ్వాగలేదు. మిగతా తుపాకుల కథలూ చెప్పమంది. గంటంతా అవే చెప్పాను. మేకపోతు దగ్గరికొచ్చేసరికి నేనూ నవ్వాను. వెల్డా పోయాక నోరు తెరిచి నవ్వడం అదే మొదలు. ఇంటికి వస్తూ దారిలో నవ్వినందుకు ఏడ్చాను. ఇప్పటికీ పదిహేను రోజులకోసారి వెళ్తున్నాను.

ఇక నిన్న. డార్లా యాపిల్ పై కోస్తూ, నేనేదో నిన్ను నిష్ఠూరంగా అంటుంటే, కత్తి పక్కన పెట్టేసింది. మెర్ల్, నీకో సంగతి చెప్పాలి, ఆయన చెప్పొద్దన్నాడు గానీ చెబుతున్నా అంది. మన మిల్లులో పనిచేసిన జెరాల్డ్ సంగతి. పదిహేనేళ్ళ క్రితం అక్టోబరులో నీ కొట్టుకి వచ్చాడట. ఒక రివాల్వర్ చూపించి అది ఇవ్వమన్నాడట. నువ్వు ఇచ్చావట. మూడో రోజు వాడు లేడు. వేటలో పొరపాటున పేలిందని ఊరంతా అనుకున్నాం, నేనూ వెళ్ళి పూలు పెట్టొచ్చాను. వాడు పోయింది నువ్వమ్మిన దానితోనని నీకూ డార్లాకీ, వాడి భార్యకీ తప్ప ఎవరికీ తెలీదు. ఆ భార్య నిన్ను ఒక్క మాట అనలేదట, అదే నీకు మరీ కష్టమైందట.

వాడు గొట్టంలోకి చూడలేదే, ఎందుకు చూడలేదని నేను ఆలోచించలేదే అని ఇన్నేళ్ళూ మంచం మీద కూర్చుని అంటూ ఉంటావట నువ్వు. అది విన్నాక నాకు ఏప్రిల్ మంగళవారం మొత్తం అర్థమైంది. నలభై ఏళ్ళుగా నేను నీ కొట్లో తుపాకీ ఎలా కొంటానో నీకు తెలుసు. చేతిలోకి తీసుకుని బరువు చూస్తాను. విప్పి, కిటికీ వైపు ఎత్తి, గొట్టంలోంచి వెలుతురు చూస్తాను. ట్రిగ్గర్ నొక్కొచ్చా అని నిన్నడిగి నొక్కుతాను. వంక పెడతాను. ఇంటి దగ్గర ఉన్న ఏదో పాతది తెచ్చి మార్చుకుంటావా అని పీకుతాను. గంటసేపు నీ ప్రాణం తీసి, సగంసార్లు కొనకుండానే కాఫీ తాగి వెళ్ళిపోతాను. ఈ ఊళ్ళో ఎవడైనా అంతే, పెళ్ళి ఉంగరం కొనడానికైనా అంతసేపు కూర్చోం. ఆ రోజు నేను దాన్ని ముట్టుకోనైనా లేదు. ధర అడగలేదు. గొట్టంలోకి చూడకుండా తుపాకీ అడిగాను. రేపన్నది అక్కర్లేనివాడే అలా అడుగుతాడని నీకు జెరాల్డ్ నేర్పి వెళ్ళాడు.

అలాంటి నిన్ను పట్టుకుని, గల్లాపెట్టె నిండితే చాలుగా అన్నాను. నన్ను క్షమించరా. నువ్వు ఇరవై రెండేళ్ళూ లెంపల భోజనానికి మేకపోతునీ, తుప్పు తుపాకీనీ తెచ్చి మమ్మల్ని నవ్వించావు. నువ్వు నిజంగా లెంపలేసుకున్న తుపాకీని ఒక్కసారి కూడా ఆ బల్ల మీద పెట్టలేదు. నీ పక్కన కూర్చుని పంది తొడ తిన్నవాణ్ణి, నాకూ అడగాలనిపించలేదు.

కాబట్టి చెప్పాల్సింది చెబుతున్నాను. నువ్వు ఆ తుపాకీ అమ్మనందుకు నీకు రుణపడి ఉన్నాను. నేను లేనిపోని మాటలన్నా మెట్ల మీంచి లేవనందుకు, వానలో తడిసినందుకు, స్టాన్ కత్తెరకీ బడ్ పాలబండికీ, పోనీలే వాడి ఖర్మ అనుకోనందుకు. ఈ వేసవిలో నేను చిక్కుళ్ళు వేశాను. మా చెల్లెలి మనవరాలికి నడక వచ్చింది, నా బొటనవేలు పట్టుకుని నడిచింది. సెప్టెంబరులో మిల్లు వెనక చెర్రీ చెట్లు ఎర్రబడ్డాయి. ఇవన్నీ చూశాను. చూడనిచ్చింది నువ్వు.

ఇక నువ్వడిగినదానికి జవాబు. నేను బాగున్నాను. ఆగస్టు తర్వాత ఆ ఆలోచన నా దరిదాపులకి రాలేదు. శుక్రవారం సాయంత్రం నా రైఫిల్ గుడిసెకు తీసుకురా. తాతది. భోజనానికి నేను బంగాళదుంపల కూర చేసుకొస్తాను, వెల్డా చేసినంత బాగుండదు గానీ తినొచ్చు.

డార్లాకి యాపిల్ పై అద్భుతంగా ఉందని చెప్పు. సగం నిన్నే అయిపోయింది.

నీ కోపిష్ఠి స్నేహితుడు,
మెర్ల్

తా.క.

గురువారం, పొద్దున్న.

నిన్న ఈ ఉత్తరం కవరులో పెట్టాను, అంటించలేకపోయాను. ఇప్పుడు మళ్ళీ తీశాను. పైన రాసినదంతా నిజం, చివరి జవాబు తప్ప.

నీకు తొమ్మిది తుపాకులిచ్చాను. అప్పుడు ఇంట్లో ఉన్నవి పది. పందికొక్కులు చిక్కుడు మడి తవ్వేస్తుంటే వెల్డాకి కొనిచ్చిన చిన్న ఒంటిగొట్టం తుపాకీ ఒకటుంది. నువ్వు వానలో మెట్ల మీద కూర్చున్న ఆ పొద్దుటే, లోపల ఒక్కొక్కటీ తీస్తూ, దాన్ని నేలమాళిగలోకి తీసుకెళ్ళి ఇల్లు వేడిచేసే పొయ్యి వెనక పెట్టాను. ఆవిడ వస్తువు కదా, ఎలా ఇచ్చేస్తాం అని నాకు నేను చెప్పుకున్నాను. అది కారణం కాదు. ఒకటి ఉంచుకోవాలని ఉంచుకున్నాను. ఇంట్లో ఇంకేమైనా తుపాకులున్నాయా అని డాక్టరమ్మ మూడుసార్లు అడిగితే మూడుసార్లూ లేవన్నాను.

ఆగస్టు తర్వాత ఆలోచన రాలేదని రాశాను. మొన్న ఆదివారం వచ్చింది. సీజన్ దగ్గర పడుతోంది, వేట బట్టలు ఎక్కడున్నాయో అడగడానికి వంటింట్లోకెళ్ళి వెల్డా అని పిలిచేశాను. తర్వాత కిందికి దిగి దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏమీ చేయలేదు, మళ్ళీ పెట్టేశాను. కానీ ఏడు నెలలుగా అది అక్కడుందని తెలిసే నిద్రపోతున్నాను ఓరిన్. నీకు తెలియకపోయినా నాకు తెలుసు. నేనేం చెబితే అది నమ్ముతానన్నావు, అందుకే అబద్ధంతో ఈ ఉత్తరం ఇవ్వలేకపోయాను.

తాత రైఫిల్ తేవద్దు. ఈ ఏడాదికి నీ దగ్గరే ఉండనీ. గుడిసెకు మాత్రం వస్తాను, వట్టి చేతులతో. బడ్ ఏమన్నా అంటే నిజమే చెబుతాను.

ఈ కాగితాలు నీ కొట్టు తలుపు కిందనుంచి తోస్తున్నాను. నువ్వు కొట్టు తీసే ఎనిమిది ఇంకా కాలేదు, నేను బయట ట్రక్కులో ఉన్నాను. వెల్డా తుపాకీ వెనకాల ఉంది, విప్పేసి, తూటాలు వేరే డబ్బాలో పెట్టి. నువ్వు తలుపు తీశాక ముందు వచ్చి దాన్ని తీసుకో. తర్వాత నన్ను లోపలికి పిలు. పిలిచేదాకా ఇక్కడే ఉంటాను.